ఒక చిన్న కారు, నాలుగు సమ్మర్ టైర్లు, నెలన్నర తలనొప్పి

మార్చిలో ఒక ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా "కారుకి సమ్మర్ టైర్లు కొంటున్నా నాన్నా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఎండాకాలానికి వేరే టైర్లేంట్రా? మనకి ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండాకాలమేగా, నేనెప్పుడూ మార్చలేదే" అన్నారు. మా నాన్నది విజయవాడ, చాలా ఏళ్ళు స్కూటరు, ఆ తర్వాత ఒక వ్యాగన్ ఆర్. ఆయన అడిగిన దాంట్లో తప్పేం లేదు. మన దగ్గర టైరు చలికి గట్టిపడుతుందన్న బాధే లేదు కాబట్టి ఆ పేరుతో పని పడలేదు. నేనుండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. ఇక్కడ జనవరిలో మైనస్‌లోకి వెళ్ళిపోతుంది, జులైలో మన గుంటూరు గుర్తొచ్చేంత ఎండ కొడుతుంది, రెండింటికీ ఒకే రబ్బరు అంటే ఎక్కడో ఒక చోట రాజీ పడాల్సిందే.

నా కారు 2022 టొయోటా జీఆర్ 86. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఆరు గేర్ల మాన్యువల్, 228 హార్స్ పవర్. పెద్ద పవర్ ఏం కాదు, కానీ బరువు తక్కువ, మలుపుల్లో తోలడానికే పుట్టిన బండి. 18 అంగుళాల చక్రాలున్న మోడల్‌కి కంపెనీ నుంచి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు వస్తాయి. నాకంటే ముందు దీన్ని నడిపినాయన అవి అరిగాక, ఏడాదంతా ఒకటే సెట్టుతో గడిచిపోతుందని చవకలో ఆల్ సీజన్ టైర్లు వేయించేశాడు. దాంతో 287 హైవే నుంచి రూట్ 1కి దిగే ర్యాంపు మీద, పెద్ద వేగమేం లేకుండానే, ముందు టైర్లు కుయ్యోమని మూలిగేవి. మొదట్లో నా డ్రైవింగే బాగోలేదేమో అనుకున్నాను. ఒకసారి ముందు వాడు సడన్‌గా ఆగితే నేనూ బ్రేకు తొక్కాను. చక్రాలు జామ్ కాకుండా చూసే ఏబీఎస్ కాలి కింద టకటకలాడింది, బండి మాత్రం తాపీగా ఆగింది. అప్పుడర్థమైంది, బ్రేకుల్లో దమ్ము ఉంది, కింద పట్టు లేదని.

ఇక మొదలైంది టైర్ల చదువు. రాత్రి పది దాటాక లాప్‌టాప్ తెరిస్తే పన్నెండు. మా ఆవిడ "పిల్లని స్కూల్లో వేసేటప్పుడు కూడా ఇంత చదవలేదు" అంది. నిజమే.

ముందు సైజు దగ్గరే ఇరుక్కుపోయాను. కారుకి వచ్చేది 215/40ఆర్18. అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు అందులో 40 శాతం, చక్రం 18 అంగుళాలు. ఈ సైజులో నాకు కావాల్సిన రకం టైర్లు పెద్దగా కనపడలేదు, 225/40ఆర్18లో మాత్రం కుప్పలు. కాయితం మీద లెక్క వేశాను. పాత సైజు మొత్తం ఎత్తు 629 మిల్లీమీటర్లు, కొత్తది 637. ఎనిమిది మిల్లీమీటర్ల తేడా, శాతంలో చెప్పాలంటే ఒకటీ పాతిక. స్పీడోమీటర్ 70 చూపిస్తే నిజంగా 71కి దగ్గర్లో ఉంటాం, అంతే. నా చక్రం వెడల్పు ఏడున్నర అంగుళాలు, 225/40 టైరుకి ఒప్పుకునే వెడల్పుల్లో అదే అన్నిటికన్నా తక్కువది. అంటే పడుతుంది, కానీ టైరు కాస్త ఉబ్బినట్టు కూర్చుంటుంది, స్టీరింగ్ తిప్పగానే వచ్చే పదును రవ్వంత తగ్గొచ్చు. వెడల్పు పెంచితే పట్టు దానంతటదే పెరిగిపోతుందనుకునేవాళ్ళకి ఈ మాట చేదుగా ఉంటుంది. నాకు దొరకడం ముఖ్యం, ఒప్పేసుకున్నాను.

తర్వాత ఆ అంకెల గొడవ. అమెరికాలో అమ్మే టైరు పక్కన ట్రెడ్‌వేర్ (అరుగుదల), ట్రాక్షన్ (పట్టు), టెంపరేచర్ (వేడి తట్టుకోవడం) అని మూడు గ్రేడ్లు అచ్చువేసి ఉంటాయి. ట్రెడ్‌వేర్ అంకె ఎంత ఎక్కువైతే అన్నాళ్ళు మన్నుతుందని అందరూ చెప్తారు. దీని పరీక్ష టెక్సాస్‌లో శాన్ ఏంజెలో చుట్టుపక్కల రోడ్ల మీద 7,200 మైళ్ళు తిప్పి చేస్తారు, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి అంకె వేస్తారు. కాకపోతే ఆ అంకె వేసేది టైరు తయారుచేసే కంపెనీయే. కాబట్టి ఒకే కంపెనీ టైర్లలో 200కీ 300కీ పోలిక పెట్టుకోవచ్చు గానీ, ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 340 పక్కన పెట్టి ఇదే మన్నుతుంది అనడం, రెండు స్కూళ్ళలో రెండు రకాల పేపర్లు దిద్దించి మార్కులు పోల్చినట్టే. ట్రాక్షన్‌లో అన్నిటికన్నా పై గ్రేడు 'ఏఏ' చూసి నేను మురిసిపోయాను కూడా. అది తడి రోడ్డు మీద తిన్నగా పోతూ బ్రేకు వేసినప్పటి లెక్క మాత్రమే, మలుపులో ఎలా ఉంటుందో, నీళ్ళ మీద తేలుతుందో లేదో అందులో లేదు.

ఇక్కడే నేను దాదాపు తప్పటడుగు వేశాను. మా ఆఫీసులో కరీంనగర్ నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు, ఆదివారాలు ఆటోక్రాస్‌కి వెళ్తుంటాడు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి, ఒక్కొక్కరూ వాటి మధ్య నుంచి ఎంత తొందరగా బయటపడతారో టైమ్ చూసే ఆట అది. ఆయన నన్ను కూర్చోబెట్టి "తమ్మీ, కొంటే 200 ట్రెడ్‌వేర్‌వే కొను, మిగిలినయన్నీ సైకిల్ టైర్లే" అన్నాడు. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా ఏ052 లాంటివన్నమాట, అమ్మేవాళ్ళు ఎక్స్‌ట్రీమ్ పర్ఫార్మెన్స్ అనే వరసలో పెడతారు. ఆయన కారులో ఒక పొడి రోజు తిరిగాను. మలుపులో తల అద్దానికి కొట్టుకుంది, బండి మాత్రం గోడకి అంటించిన పోస్టర్‌లా రోడ్డుకి అతుక్కుపోయింది. ఇంటికొచ్చి అవే కార్ట్‌లో వేసేశాను. డబ్బు కట్టడం ఒక్కటే మిగిలింది.

వారం తిరక్కుండా అదే అన్నతో, అదే కారులో, ఆఫీసు నుంచి వస్తుంటే 287 మీద వాన పట్టుకుంది. వైపర్లు ఫుల్లులో కొట్టినా ముందు లారీ కనపడనంత వాన. ఆయన టైర్లు అప్పటికే సగానికి పైగా అరిగాయి, ఆ రకానికి గాళ్ళు తక్కువ, అరిగాక నీళ్ళు పోయే దారి ఇంకా తగ్గుతుంది. కుడి పక్క లేన్‌లో నీళ్ళు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది. నేను పట్టుకోలేదు కదా స్టీరింగ్, అయినా తెలిసింది, కారు కింద రోడ్డు లేనట్టు అర సెకను. ఇంజన్ మోత పైకి లేచి మళ్ళీ దిగింది. ఆయన ఏమీ మాట్లాడలేదు, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, నలభై ఐదు మైళ్ళ వేగంలో ఎడిసన్ దాకా వచ్చాడు. దిగేటప్పుడు మాత్రం "నీకు రోజూ గిదే రోడ్డు గదా... ఆలోచించుకో" అన్నాడు.

అదే అసలు సంగతి. నేను ఏడాదికి ఆటోక్రాస్‌కి వెళ్తే రెండుసార్లు వెళ్తానేమో, అదీ గట్టిగా అనుకుంటే. మిగతా రోజులన్నీ రోజుకి నలభై మైళ్ళు, ఇదే 287, ఇవే వానలు, అప్పుడప్పుడూ పటేల్ బ్రదర్స్ కిరాణా షాపు పార్కింగ్. ట్రాక్ మీద నేనెలా తోల్తానో ఊహించుకుని టైర్లు కొంటున్నాను, నేను నిజంగా తోలే రోడ్డు కోసం కాదు. కార్ట్ ఖాళీ చేశాను.

మిగిలింది మ్యాక్స్ పర్ఫార్మెన్స్ సమ్మర్ వరస. పొడి రోడ్డు మీద ఆ 200 రకానికి ఒక మెట్టు కింద, వానలో చాలా మేలు, అరుగుదల కూడా నిదానం. చివరికి రెండే మిగిలాయి, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ స్పోర్ట్ 02. మొదటిదాని ట్రెడ్‌వేర్ 300, రెండోదానిది 340, రెండింటికీ 30,000 మైళ్ళ వారంటీ. నిజం చెప్పాలంటే నాలాంటి వాడికి ఏది వేసినా తేడా తెలిసేది కాదు. కాంటినెంటల్ నాలుగు టైర్ల మీద నూట యాభై డాలర్ల దాకా తక్కువ పడింది, అదే తీసుకున్నాను. నెలన్నర చదివిన చదువు ఆఖరికి ధర దగ్గర తేలింది, నవ్వుకోండి.

పాత టైర్లు విప్పించక ముందే ఒక మంచి పని చేశాను, కారు కింద తల పెట్టి వాటిని సరిగ్గా చూశాను. మధ్యలో అంగుళంలో ముప్పై రెండో వంతులు ఆరు లోతున గాడి ఉంది, వెనక టైర్ల లోపలి అంచున మూడే. పైనుంచి చూస్తే బాగున్నట్టే ఉంటాయి, లోపలంచు మాత్రం గుండవ్వబోతోంది. అలైన్‌మెంట్ తేడా, అంటే చక్రాలు నిలబడే కోణం సరిగ్గా లేదు. ఇది సరిచేయించకుండా కొత్తవి వేయిస్తే కొత్త టైర్లనీ అలాగే తినేస్తుంది. అందుకని టైర్లు మార్చిన రోజే అలైన్‌మెంట్ కూడా చేయించాలని రాసిపెట్టుకున్నాను.

టైర్లు ఆన్‌లైన్‌లో కొని తిన్నగా బిగించే షాపుకి పంపించాను. సేల్స్ ట్యాక్స్ 6.625 శాతం, దానిమీద ఒక్కో టైరుకి డాలరున్నర ఫీజు, బిగింపు, బ్యాలెన్సింగ్ అన్నీ కలిసి వెయ్యి డాలర్లకి అటూఇటూగా తేలింది. షాపుకి వెళ్ళగానే ముందు టైరు పక్కన అచ్చువేసి ఉండే డీఓటీ నంబరు చూశాను, ఎప్పుడు తయారైందో అందులో ఉంటుంది. ఆఖరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నాలుగూ ఏడాది లోపువే. హమ్మయ్య.

రెండు గంటల తర్వాత తాళం చేతికిచ్చారు. నడుస్తూ కారు చుట్టూ ఒక చుట్టు వేశాను, ఇంత ఖర్చుపెట్టాక చూసుకోవాలిగా. మూడు చక్రాల మీద బయటికి 'అవుట్‌సైడ్' అని ఉంది. డ్రైవర్ వైపు వెనక చక్రం మీద 'ఇన్‌సైడ్' అని ఉంది. వంగి వేలు పెట్టి చదివాను, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే. ఈ టైరుకి రెండు వైపులూ ఒకటి కాదు, బయటి వైపు బరువు మోసేలా పెద్ద దిమ్మలుంటాయి, లోపలి వైపు నీళ్ళకి గాళ్ళు ఎక్కువ. తిరగేసి ఎక్కించేశారు. కౌంటర్ దగ్గర కుర్రాడు మొదట "గుండ్రంగానే తిరుగుతుంది కదా సార్" అన్నట్టు మాట్లాడాడు, నేను సైడ్‌వాల్ ఫోటో చూపించాక ఇంకేమీ అనకుండా లోపలికి తీసుకెళ్ళాడు. మళ్ళీ విప్పి, తిప్పి, బ్యాలెన్స్ చేసి ఇచ్చేసరికి ఇంకో నలభై నిమిషాలు. తీరా ఇంటికొచ్చి గేజ్ పెడితే గాలి 44 పీఎస్ఐ ఉంది, డోర్ మీద స్టిక్కర్‌లో రాసిన దానికంటే చాలా ఎక్కువ. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు తగ్గించుకున్నాను. నట్లు కూడా టార్క్ రెంచితో 89 ఫుట్ పౌండ్లకి నేనే మళ్ళీ చూసుకున్నాను, ఒకటి వదులుగా తగిలింది. వాళ్ళ మీద కోపం ఉంది గానీ, చూసుకోకుండా వచ్చేసేవాణ్ణి కదా అన్న భయమే ఎక్కువైంది.

మొదటి ఐదు వందల మైళ్ళు నెమ్మదిగా నడపమంటారు, అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోవడానికి. ఏప్రిల్ రెండో వారంలో ఒక చలి పొద్దున, బయట మూడు డిగ్రీలు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర స్టాప్ సైన్ నుంచి మామూలుగా కుడికి తిప్పితే వెనక భాగం చిన్నగా పక్కకి జరిగింది. ఏడు డిగ్రీల కింద ఈ రబ్బరు బిగుసుకుంటుందని చదివాను, చదవడం వేరు, నడుము కింద జరగడం వేరు. మధ్యాహ్నం ఎండెక్కాక అదే కారు, అదే మలుపు, పట్టాల మీద నడిచినట్టుంది. మే నెలలో ఒక జోరు వానలో 287 మీద అదే నీళ్ళు నిలిచే చోటు దాటాను, స్టీరింగ్ బరువు మారలేదు. రూట్ 1 ర్యాంపు మీద ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, ఇంకాస్త వేగంగా వెళ్ళాలనిపిస్తుంది, అదొక్కటే ఇబ్బంది.

నవంబర్‌లో వేరే 17 అంగుళాల పాత చక్రాలకి వింటర్ టైర్లు వేయించి మార్చేశాను. గడ్డకట్టే చలిలో సమ్మర్ టైరు కదిపితే పగుళ్ళొచ్చే ప్రమాదం ఉంది, బాల్కనీలో పెట్టాలంటే మనసొప్పలేదు. కడిగి, తుడిచి, నాలుగు సంచుల్లో కట్టి హాల్లో సోఫా వెనక పేర్చాను. ఆ ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ చూసింది. "ఆ వెనక నల్ల మూటలేంట్రా?"

నాన్నే జవాబు చెప్పారు, పక్క నుంచి. "అవా, ఎండాకాలం టైర్లు. వాటికి చలి పడదంట."

అమ్మ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని మళ్ళీ చూసింది. "చెప్పులు గుమ్మం బయట విప్పమని ఇన్నేళ్ళు మొత్తుకున్నా, నువ్వు టైర్లు తెచ్చి హాల్లో పెట్టావా?"