కాశిమేడు బోటా, ఎన్నూరు బోటా

పులికాట్ సరస్సులో తిప్పడానికి పాత పడవ ఒకటి కొందామని చెన్నై కాశిమేడులో ఒకటి, ఎన్నూరులో ఒకటి చూశాం. కాశిమేడు హార్బరుకి మేము వెళ్లేసరికే ఇంజను వేడెక్కి ఉంది. మూత మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. "పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేసి పెట్టాం సార్, మీకు ఇబ్బంది లేకుండా" అన్నాడు అమ్మే మనిషి. సెకండ్ హ్యాండ్ అవుట్‌బోర్డు, అంటే పడవ వెనక తగిలించే ఇంజను, చూడ్డానికి అంత దూరం వచ్చినవాళ్లకు ఇంతకు మించిన చిరాకు ఉండదు. రాత్రంతా చల్లారిన ఇంజను తాడు ఎన్నిసార్లు లాగితే అందుకుంటుందో చూస్తే దాని ఆరోగ్యం సగం తెలిసిపోతుంది. వేడి ఇంజను ఎవరు లాగినా పలుకుతుంది. "చల్లారాకే చూస్తాం" అని తేల్చి చెప్పి, ఈలోగా పడవ మీద పడ్డాం.

మే నెల. సూళ్లూరుపేట మెమూలో గుమ్మిడిపూండి దాటాక కాలు పెట్టే చోటు లేదు. తిరువొత్తియూర్లో దిగి కాశిమేటికి ఆటో ఎక్కితే రెండొందలు. అదే దూరానికి మా ఊళ్లో షేరాటో ముప్పైకి తీసుకెళ్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, హార్బరులో ట్రాలర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. వెల్డింగు, రంగులు, వలల మరమ్మతు అన్నీ ఒకేసారి. చిన్న ఫైబర్ బోట్లు చేతులు మారేది కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే. మెకానిక్కులు దొరకడం మాత్రం కష్టం.

కాశిమేడు బోటు ఇరవై నాలుగు అడుగులది. కొత్తగా నీలం రంగు వేశారు. 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజను, లాంగ్ షాఫ్టు (కాలు పొడుగుది). అన్నీ కలిపి లక్షా డెబ్బై అన్నారు. రంగు కొత్తగా ఉన్నంత మాత్రాన అనుమానపడక్కర్లేదు, ఈ సీజన్లో అందరూ వేస్తారు. కానీ ఇంజను కాలికి, అంటే నీళ్లలోకి దిగే కింది భాగానికి, బిగించే జింకు ముక్క మీద కూడా రంగు పూశారు. ఉప్పునీళ్లలో అల్యూమినియం బదులు తాను కరిగిపోవడమే ఆ ముక్క పని. రంగు కప్పేస్తే అది కరగదు, గేరు బాక్సు కరుగుతుంది.

ఫైబర్ బోటులో అసలు చూడాల్సింది ఇంజను తగిలించే వెనక పలక. పైకి ఫైబరే కనిపిస్తుంది గానీ చాలా బోట్లకు లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజను బరువూ, నెట్టే బలమూ అంతా ఆ చెక్క మీదే. స్క్రూ రంధ్రాల దగ్గర సీలు పోతే నీరు లోపలికి దిగి చెక్క కుళ్లుతుంది, పైన ఫైబరు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. దీనికి మూడు పరీక్షలు. స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా అంగుళం అంగుళం తట్టాలి. గట్టి చెక్క ఠంగుమంటుంది, కుళ్లింది డబ్బుమంటుంది. ఇంజను బిగించి ఉండగానే కింది భాగాన్ని చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి, ఆ సమయంలో ఇంకొకరు లోపలి మూలలు చూస్తుండాలి. పలక ఊగినా, మూలల్లో పగులు తెరుచుకున్నా అనుమానమే. మూడోది, పలక అడుగున ఉన్న ఏదైనా స్క్రూ విప్పి చూడాలి.

ఆ మూడోదానికి అమ్మే మనిషి ముందు ఒప్పుకోలేదు. కొత్త రంధ్రం వేయం, ఉన్న స్క్రూనే తీసి మళ్లీ బిగిస్తాం అంటే సరేనన్నాడు. నీళ్లు పోయే ప్లగ్గు పక్కనున్న స్టీలు స్క్రూ తిప్పితే పట్టే లేకుండా వచ్చేసింది. వెనకే టీ డికాషన్ రంగు నీళ్లు, ఒక్కొక్క చుక్కే, కొత్త నీలం మీద చార కట్టాయి. మర మధ్యలో నల్లటి చెక్క పొట్టు ఇరుక్కుని ఉంది, గోటితో నలిపితే ముద్దయింది.

కుళ్లిన పలకను బాగుచేయలేమని కాదు. లోపలి ఫైబరు కోసి, చెక్కంతా ఉలితో తీసి, ఐఎస్ 710 ముద్రున్న మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు అతికించి, మళ్లీ గ్లాస్ మ్యాట్ వేసి అంచుల దాకా కలపాలి. అసలు చిక్కు ఏమిటంటే, నీరు ఎంత లోపలికి పాకిందో కోసేదాకా తెలియదు. కింది దూలాల్లోకి దిగి ఉంటే ఖర్చుకు అంతుండదు. ఇంజను జబ్బుకి ముందే లెక్క కట్టవచ్చు, పలక జబ్బుకి కట్టలేం.

అప్పటికి ఇంజను చల్లారింది. పక్క ట్రాలరు మీద పనిచేస్తున్న శ్రీకాకుళం మెకానిక్కు ఒకతను మా తెలుగు విని దిగి వచ్చాడు. ఆ హార్బరులో అటువైపు వాళ్లు చాలామందే ఉన్నారు. "గేరాయిలు ఎప్పుడు మార్చారని అడక్కన్నా, ఇప్పి సూసుకో" అన్నాడు. గేరు బాక్సు కింది స్క్రూ తీస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీలా వచ్చింది, అంటే లోపలికి నీరు చేరిందన్నమాట. ఇంజను రాత్రంతా నిలిచి ఉంటే బరువైన నీరు అడుగుకు చేరి ముందు అదే కారేది. పొద్దున్నే తిప్పడం వల్ల రెండూ చిలికినట్టు కలిసిపోయాయి. తర్వాత ప్రొపెల్లరు పిన్ను లాగి, నట్టు విప్పి, దాన్ని వెనక్కి లాగాడు. షాఫ్టు మీద నైలాన్ గాలం తాడు ఉంగరంలా చుట్టుకుని, వేడికి కరిగి గట్టిపడి ఉంది. "ఇదేనన్నా, సీలుని కోసేసినాది." గేరు బాక్సులోకి నీరు రాకుండా ఆపేది ఆ సీలే. గాలాలు వేసే చోట తిరిగే ప్రతి ఇంజనుకీ ఈ ప్రమాదం ఉంది. నెలకోసారి ప్రొపెల్లరు తీసి తాడు ముక్కలు తీసేస్తే సీలు బతుకుతుంది. ఆయిల్లో ఇనుప రేకులు కనిపించలేదు కాబట్టి గేర్లు బాగానే ఉన్నట్టు. రెండు సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కూడా సమానంగా వచ్చింది. ఇంజను మంచిదే. బోటు లేకుండా ఇంజను విడిగా ఇస్తారా అని అడిగితే కుదరదన్నారు.

హార్బరు బయట టీ తాగి ఎన్నూరు బయల్దేరాం. ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద కంటైనర్ లారీల వెనక ఎంతసేపు నిలబడ్డామో చెప్పడం అనవసరం.

నెట్టుకుప్పం దగ్గర చూసిన బోటు ఇరవై అడుగులది. 8 హార్స్‌పవర్ టూ స్ట్రోక్, కిరసనాయిలు ఇంజను, షార్ట్ షాఫ్టు. తొంభై ఐదు వేలు అన్నారు. నీటి గీత దగ్గర చుట్టూ జానెడు నల్ల పట్టీ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు మణలి వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు క్రీకు నిండా పరుచుకుంది. అక్కడి బోట్లూ వలలూ ఎలా నల్లబడ్డాయో అప్పట్లో అందరం చూశాం. ఆ మరక చూసే కొనేవాళ్లు వెనక్కి పోతున్నారట. ఇది నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ఆ మరకతో బోటుకి వచ్చే నష్టం లేదు. గుడ్డకి కాస్త కిరసనాయిలు తడిపి రుద్దితే పైపొర వస్తుంది, మిగిలింది రబ్బింగ్ కాంపౌండుతో పోతుంది. నూనెకి ఉబ్బేవి రబ్బరు భాగాలు. పెట్రోలు గొట్టం, చేత్తో నొక్కే బల్బు మాత్రం మార్చుకోవాలి.

పలకంతా ఠంగుమంది. ఊపినా కదల్లేదు. తీసిన స్క్రూ పొడిగా, లేత రంగు పొట్టుతో వచ్చింది. ఇసుక మీద ఈడ్వడం వల్ల అడుగు వెన్ను అరిగి రెండు చోట్ల గ్లాసు పోగులు బయటపడ్డాయి. ఎండబెట్టి, గరుకు కాగితం పట్టి, మ్యాటు మూడు పొరలు వేస్తే సరి.

ఇంజను చల్లగా ఉంది. పెట్రోలు మీద నాలుగో లాగుకి అందుకుంది. కిరసనాయిలు ఇంజన్లలో ఇది గుర్తుపెట్టుకోవాలి: పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరసనాయిలుకి మార్చాలి, ఆపే ముందు మళ్లీ పెట్రోలు మీద కాసేపు నడపాలి. కార్బురేటర్లో కిరసనాయిలు మిగిలితే మర్నాడు ప్లగ్గులు తడిసి మొరాయిస్తుంది. వేడెక్కాక ఆపి, రెండు ప్లగ్గులూ తీసి, వాటి తీగల్ని ఇంజను బాడీకి ఆనించి, ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజి ముల్లు ఆగేదాకా తాడు లాగాం. ఒకదాంట్లో 78 పీఎస్ఐ, ఇంకోదాంట్లో 74. పెట్రోలు ఇంజన్లతో పోలిస్తే తక్కువే, కానీ కిరసనాయిలు ఇంజన్లను తక్కువ కంప్రెషన్‌తోనే తయారు చేస్తారు. చూడాల్సింది రెండింటి మధ్య తేడా. పది శాతం లోపుంటే పిస్టన్ రింగులు సమానంగా అరిగినట్టే.

లోపం ఇంజనుని చల్లబరిచే నీళ్ల దగ్గర కనిపించింది. వెనకనుంచి చిమ్మే ధార పెన్సిలంత లావు రావాల్సింది, దారంలా వచ్చి వేడిగా తగిలింది. కింది భాగం విప్పితే నీళ్లు తోడే పంపులోని రబ్బరు చక్రం, ఇంపెల్లర్, రెక్కలన్నీ ఒకవైపుకి వంగి బిగుసుకుపోయాయి. ఒక రెక్క చివర లేదు. ఇలాంటప్పుడు కొత్తది వేసి ఊరుకోకూడదు. తెగిన ముక్క పైన నీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, వెతికి తీయాలి. పైపుకి అడ్డుపడి కనిపించింది. కొత్త ఇంపెల్లర్‌కి సబ్బునీళ్లు రాసి, షాఫ్టుని గడియారం తిరిగే వైపు తిప్పుతూ మూత దించాలి, అప్పుడే రెక్కలు సరైన వైపు వంగుతాయి.

మాకు పడవ కావాల్సింది భీములవారిపాలెం వైపు పులికాట్ నీళ్లకు. వేసవిలో అక్కడ చాలా చోట్ల మోకాలి లోతే. షార్ట్ షాఫ్టు పదిహేను అంగుళాలు, లాంగ్ షాఫ్టు ఇరవై. ఆ ఐదంగుళాల తేడాకే ప్రొపెల్లరు బురద తవ్వుతుంది, ఆ బురదే పంపులోకి వెళ్తుంది. పైగా మావాళ్లు సాయంత్రం ఇంజను విప్పి భుజాన వేసుకుని ఇంటికి తెస్తారు. ఈ టూ స్ట్రోకు ఒక్క మనిషి మోయగలడు, నలభై కిలోలు దాటే ఫోర్ స్ట్రోకుని రోజూ మోయలేరు. ఇంధనం తక్కువ తాగేది ఫోర్ స్ట్రోకే, అది నిజం. పొద్దస్తమానం సముద్రం మీద తిరిగేవాళ్లకు నేనైనా అదే చెబుతాను, పలక బాగుంటే.

ఇంపెల్లర్, గొట్టం, అడుగు పని లెక్కవేసి ఎనభై వేలకు ఖాయం చేశాం. డబ్బు ఇచ్చే ముందు ఇంజను బిగింపు మీదున్న రేకులో సీరియల్ నంబరు, బోటు ముక్కు దగ్గర రాసిన ఐఎన్‌డీ-టీఎన్ రిజిస్ట్రేషన్ నంబరు రెండూ కాగితాలతో అక్షరం అక్షరం పోల్చి చూశాం. లారీలో ఇంజను పడుకోబెట్టేటప్పుడు తల పైకి, గేరు బాక్సు కిందికి ఉండేలా పాత టైరు మీద ఆనించాం. తల కిందికైతే కాలులో నిలిచిన నీరు సిలిండర్లలోకి దిగుతుంది. సూళ్లూరుపేట దాకా లారీ కిరాయి ఏడు వేలు అడిగాడు, ఆరుకి ఒప్పుకున్నాడు.