పర్లాకిమిడి వంటింట్లో దాల్చినచెక్క రోల్స్

దుబాయి హోటళ్ల బేకరీలలో కొన్నేళ్లు ఉండి వచ్చినవాడికి ఆ పనంతా క్షుణ్ణంగా వచ్చునని ఒడిశాలోని మా గంజాం, గజపతి జిల్లాల తెలుగువారిలో ఒక నమ్మకం ఉంది. నిజానికి అక్కడ పనిని ముక్కలుగా పంచి ఇస్తారు. కమీ త్రీ అనే అట్టడుగు హోదాలో చేరిన నాకు అప్పగించింది పిండిని పలకగా సాగదీసి, వెన్న, దాల్చినచెక్క పొడి, వాల్‌నట్ పలుకులు పరిచి, చుట్టి, కోసి, ట్రేలకు ఎక్కించడం మాత్రమే. పిండి కలిపే విభాగం వేరు. అక్కడికి కూడా మైదా, పంచదార, పాలపొడి కలిసిన ప్రీమిక్స్ బస్తాలే వచ్చేవి, అందులో ఏది ఎన్ని పాళ్లో కలిపేవాడికీ తెలియదు. అతిథుల అల్పాహారానికి రోల్స్ అందాలి గనుక తెల్లవారుజామున మూడింటికే డ్యూటీలో నిలబడి, వేల రోల్స్ చుట్టిన మనిషికి డజను రోల్స్‌కు పిండి కలపడం రాదంటే వింతగా తోచవచ్చు గాని, వలస వెళ్లినవారితో నడిచే వంటగదులలో అది మామూలే. "అన్నేళ్లు చేసినోడివి, పిండి కలపడం రాదేటిరా?" అని మా అమ్మ అడిగితే ఈ పని పంపకం గురించి ఆమెకు వివరించడానికి చాలాసేపే పట్టింది.

అందుచేత పర్లాకిమిడికి తిరిగివచ్చాక నేను మొదట నేర్చుకున్నది బేకరీ లెక్క. మైదాను నూరు పాళ్లుగా తీసుకొని, మిగిలినవన్నీ దానితో పోల్చి తూచాలి. అర కిలో మైదాకు 220 గ్రాముల పాలు, ఒక గుడ్డు, 75 గ్రాముల చొప్పున పంచదార, వెన్న, 8 గ్రాముల ఉప్పు, 6 గ్రాముల ఇన్‌స్టెంట్ ఈస్ట్, నాలుగు ఏలకుల పొడి మా ఇంటి కొలత. వెన్నను ముందే వేయకుండా, ముద్ద సాగడం మొదలైన తరువాత కొద్దికొద్దిగా కలపాలి. కొవ్వు ముందే చేరితే మైదాలోని మాంసకృత్తులు నీటిని పీల్చుకొని జిగురుగా అల్లుకోవడానికి అడ్డుపడుతుంది. చిన్న ముద్దను వేళ్ల మధ్య సాగదీస్తే చిరగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పలుచని పొర రావాలి. బొబ్బట్లకు పిండి నానబెట్టే ఇళ్లలో ఈ సాగుడు గురించి ఎవరికీ పాఠం చెప్పనక్కరలేదు.

దుబాయిలో ప్రూఫర్ అనే పెట్టెలో సుమారు 35 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మధ్య పిండి పొంగేది. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా ఊళ్లో శ్రావణమాసపు వంటిల్లే ప్రూఫర్. చిక్కంతా వేసవిలోనే. పిండి త్వరత్వరగా పొంగి పులుపెక్కుతుంది, లోపల పూసిన వెన్న కరిగి బల్లమీదికి కారుతుంది. కాబట్టి రాత్రి పిండిని ఫ్రిజ్‌లో పెట్టి, ఎండ రాకముందే చుట్టడం ముగిస్తాను. తెల్లవారకముందే లేచే పాత అలవాటు ఇక్కడ అక్కరకు వచ్చింది.

దాల్చినచెక్కను పిండిలో కలపకుండా లోపల మాత్రమే పరచడానికి కారణం రుచి ఒక్కటే కాదు, దానికి ఘాటునిచ్చే పదార్థం ఈస్ట్‌ను మందగింపజేస్తుంది. మా కిరాణా కొట్లలో మందంగా, గట్టిగా దొరికేది ఎక్కువగా కాసియా అనే రకం. కాగితం పొరల్లా చుట్టుకొని, చేతితో నలిపితే విరిగిపోయే సిలోన్ చెక్కను నాకు మొదట చూపించినవాడు నా పక్క బల్ల దగ్గర పనిచేసిన శ్రీలంక సహోద్యోగి. కాసియాను అతను చెక్క కిందే లెక్కించేవాడు కాదు. అయినా బెల్లం, వెన్నల నడుమ నిలబడగలిగే ఘాటు కాసియాకే ఉందని నా అభిప్రాయం. అర కిలో మైదాకు 12 గ్రాములు చాలు.

వాల్‌నట్ బదులు నేను జీడిపప్పు వాడతాను, పలాస మాకు దగ్గరే కదా. డబ్ల్యూ 320 వంటి గ్రేడు గుండు పప్పుకు డబ్బు పోయడం దండగ. ఎలాగూ తరిగేదే కాబట్టి చవకగా దొరికే ముక్క పప్పు చాలు, దోరగా వేయించి 120 గ్రాములు చల్లాలి. బ్రౌన్ షుగర్ స్థానంలో 150 గ్రాముల బెల్లం కోరు వేస్తాను. బెల్లంలో తేమ ఎక్కువ, వేడికి పాకమై అడుగున చేరి మాడుతుంది. రెండు చెంచాల జీడిపప్పు పొడి కలిపితే ఆ తేమను అది పట్టి ఉంచుతుంది. చుట్టను కత్తితో కోస్తే నొక్కుకుపోయి కోలగా తయారవుతుంది. కుట్టు దారాన్ని చుట్ట కిందుగా దూర్చి, రెండు కొసలను పైకి తెచ్చి, ఒకదానిమీదుగా ఒకటి దాటించి లాగితే మెలికలన్నీ విడివిడిగా కనిపిస్తూ గుండ్రటి బిళ్ల ఊడివస్తుంది. ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద 22 నుంచి 25 నిమిషాలు.

పాలవిరుగుడును కాల్చి చేసే ఛెనాపొడ తిని పెరిగిన ఒడియా ఇరుగుపొరుగుకు కాల్చిన మిఠాయి కొత్త కాదు, అందుకే మొదటి ఆర్డర్లు వారి నుంచే వచ్చాయి. వారికి పున్నమితో నెల ముగుస్తుంది, మనకు అమావాస్యతో. కనుక కుమార పున్నమి (ఆశ్వయుజ పున్నమి) మరునాటి నుంచి ఒడియా ఇళ్లలో కార్తీకం మొదలై చాలామంది గుడ్డు మానేస్తారు. దీపావళి తరువాత మనవారు మొదలుపెట్టి, వారు ముగించిన పదిహేను రోజులకు ముగిస్తారు. ఆ నెలన్నర గుడ్డుకు బదులు 50 గ్రాముల గట్టి పెరుగు వేసి, పాలు పది గ్రాములు తగ్గించి, రంగు కోసం పైన పాలు పూస్తాను. గుడ్డు లేదు కాబట్టి ధర తగ్గించమని అడిగేవారు రెండు భాషలవారిలోనూ ఉన్నారు; ఇప్పటివరకైతే తగ్గించలేదు.