టాయిలెట్ పేపర్‌కు గొడుగు పట్టిన సంగతి

తిరుపతిలో సొంతిల్లు ఉంటే అది సగం ఇల్లు, సగం సత్రం. దర్శనానికి వచ్చే చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు, వాళ్ళ ఆఫీసువాళ్ళు అందరూ మా ఇంటి మీదుగానే కొండకు పోతారు. రాత్రి రెండింటికి లేచి టోకెన్ల లైనుకు పోవాలని స్నానాలు మొదలుపెడతారు, తెల్లారేసరికి కింది బాత్రూం చెరువై ఉంటుంది. ఆ చెరువులో ఆర్నెల్లుగా నేను కాపాడాలని చూస్తున్నది ఒక టాయిలెట్ పేపర్ రోల్‌ని. నవ్వుకోండి, ఫరవాలేదు, మా ఇంట్లోవాళ్ళంతా నవ్వేశారు.

అన్నయ్యవాళ్ళు పిల్లల్తో డల్లాస్ నుంచి వచ్చినప్పుడు మొదలైంది ఇదంతా. రెండోరోజే చిన్నది తలుపు సందులోంచి "చిన్నాన్నా, పేపర్ మొత్తం పేస్ట్ అయిపోయింది" అని అరిచింది. చూస్తే నిజంగా పేస్టే. ఎవరో గుండు చేయించుకుని వచ్చి నెత్తి మీంచి బకెట్లకు బకెట్లు పోసుకున్నట్టున్నారు, ఫ్లష్ ట్యాంకు మీద పెట్టిన కొత్త రోల్ ఆ నీళ్ళన్నీ తాగి నానిన అటుకుల ముద్దలా కూలబడి ఉంది. దాన్ని అని లాభం లేదులెండి, ఆ కాగితాన్ని తయారుచేసేదే నీళ్ళలో పడగానే విడిపోయి పైపుల్లో అడ్డం పడకుండా పోవాలని. వంటింట్లో వాడే టిష్యూ అలా కాదు, తడిసినా చినగకుండా దాంట్లో ఒక రకం రెసిన్ కలుపుతారు, దాన్ని కమోడ్‌లో వేస్తే ఇక ప్లంబర్ రావాల్సిందే. (ఇది కూడా మా ఇంట్లో జరిగింది, ఎవరు వేశారో రాయను.)

"నీళ్ళుండంగా కాగితమేందిరా, మనమేమన్నా ఎడార్లో ఉండామా?" అంది అమ్మ. అమ్మ మాటను తీసెయ్యలేం. పైగా చివరికి నేను చేసిన హోల్డర్ డిజైన్ మొత్తం ఆ మాటలోంచే వచ్చింది, కాకపోతే అది నాకు అర్థం కావడానికి రెండు హోల్డర్లు పట్టాయి.

మొదట అందరిలాగే బజారుకు పోయి తళతళలాడే స్టీలు హోల్డర్ తెచ్చాను, పైన చిన్న రేకు మూతతో. మా బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, మూడు నెలలకే స్క్రూల దగ్గర తుప్పు కారి టైల్ మీద గోధుమ రంగు చారలు పడ్డాయి. రెండోది ప్లాస్టిక్. తుప్పు లేదుగానీ పక్కలు తెరిచే ఉన్నాయి, షవర్ తిప్పితే అటునుంచి తడుస్తుంది. ఇవి చెడ్డ వస్తువులని కాదు, పొడి బాత్రూం కోసం పుట్టిన వస్తువులు. అమెరికాలో ఇళ్ళు కట్టేవాళ్ళు పాటించే కొలత ఒకటుంది, నేలనుంచి 26 అంగుళాల ఎత్తు, కమోడ్ అంచుకు 8 నుంచి 12 అంగుళాలు ముందుకు. కూర్చున్న మనిషి చెయ్యి ఊరికే అందే చోటు అది. మన బాత్రూముల్లో సరిగ్గా ఆ చోట ఉండేది హెల్త్ ఫాసెట్, అదే కడుక్కునే చేతిషవర్! అంటే వాళ్ళ కొలత ప్రకారం బిగిస్తే రోల్‌ని పైపు కింద పెట్టినట్టే.

అసలు సంగతి ఇంకోటుంది. వాళ్ళు పొడిచేత్తో కాగితం తీస్తారు. మనం కడుక్కున్నాక తుడుచుకోడానికి తీస్తాం, అప్పటికి ఎడమచెయ్యి తడిగా ఉంటుంది. రోల్‌ని పాడుచేసేది షవర్ ఒక్కటే కాదు, మన చెయ్యి కూడా. హోల్డర్‌లో కాగితం తెంపాలంటే ఒక చేత్తో రోల్ పట్టుకుని ఇంకో చేత్తో లాగాలి కదా, ఆ పట్టుకునే చెయ్యి తడిది. కాబట్టి నాకు కావలసింది కుడిచేత్తో ఫాసెట్ తగిలించి, అదే కుడిచేత్తో, ఒక్క చేత్తోనే లాగి తెంపగలిగే పెట్టె. ఈ మాట తట్టిన రోజు నాకు చాలా సంతోషం వేసింది, ఎవరికైనా చెప్దామంటే వినేవాళ్ళు లేరు.

పీవీసీ పైపు అయితే తుప్పు పట్టదు, గుండ్రంగా ఉంటుంది, నీళ్ళు పడితే జారిపోతాయి. లీలామహల్ దగ్గర షాపులో అడిగితే "అడుగు ముక్క అమ్మము సామీ, ఫుల్ లెంత్ తీసుకోవాల" అన్నారు. చివరికి తిరుచానూరు రోడ్డులో కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలి మిగిలిన ముక్కలు రెండు తెచ్చుకున్నాను. నాలుగంగుళాల పైపు చూసి సరిపోతుందనుకున్నా. సరిపోలేదు. దాని బయటి కొలత 110 మిల్లీమీటర్లు, గోడ మందం పోతే లోపల 105 దాకానే, నా రోల్ 11 సెంటీమీటర్లు. సగం దూరి ఇరుక్కుంది, మూరలకు మూరలు విప్పితేగానీ బయటికి రాలేదు. రెండోది ఆరంగుళాలది, 160 మిల్లీమీటర్లు. దాంట్లో రోల్ హాయిగా కూర్చుంది, చుట్టూ వేలు పట్టేంత ఖాళీ.

ఊరికే పైపులో దొర్లించి పెడితే రోల్ తన బరువుతో కాగితాన్నే కింద నొక్కుకుంటుంది, అందుకని ముప్పావు అంగుళం పైపు ముక్కను ఇరుసుగా వేశాను. ఒకవైపు క్యాప్ సొల్యూషన్ పెట్టి అంటించాను, రెండోవైపుది ఊడొచ్చేలా వదిలేశాను, రోల్ మార్చాలి కదా. ముందువైపు కిందికి చీలిక. ఈ చీలిక ఎక్కడ కొయ్యాలనేదాని మీద వదినకూ నాకూ వీడియో కాల్లో పెద్ద చర్చ జరిగింది, కాగితం కొస బయటివైపు రావాలా గోడవైపు రావాలా అని. 1891లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీకి చెందిన సెత్ వీలర్ తీసుకున్న పేటెంట్ బొమ్మలో కొస బయటివైపే ఉంది. ఆ బొమ్మ చూపించి వదిన నోరు మూయించానుగానీ, నా కారణం వేరే. గోడవైపు నుంచి వస్తే కాగితం పైపు అడుగంతా రాసుకుంటూ రావాలి, తడి చేరేదే ఆ అడుగున.

ఒక్కచేత్తో తెంపడం దగ్గర నేను బాగా ఇరుక్కున్నాను. నిండు రోల్‌తో ఏ ఇబ్బందీ లేదు, బరువుగా ఉంటుంది, చటుక్కున లాగితే అది కదిలేలోపే కాగితం తెగుతుంది. అయిపోవచ్చిన రోల్ తేలిక. అదే లాగుడుకు గిరగిరా తిరిగి మూరెడు కాగితం తడినేల మీదికి వదుల్తుంది. దానికి బ్రేకు కావాలి. ఇరుసును బిగిద్దామని చూశాను, రోల్ సన్నబడేకొద్దీ మరీ బిగుసుకుపోయి తిరగలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ మొదటి స్టీలు హోల్డర్ మీది రేకు మూత. నేనది తుంపర ఆపడానికని మాత్రమే అనుకున్నాను, అది రోల్ వీపు మీద కూర్చుని బ్రేకు కూడా వేస్తుంది! రుద్దేది ఇరుసు దగ్గర కాదు, మనం లాగే అంచు దగ్గరే, కాబట్టి రోల్ ఎంత సన్నబడినా పట్టు ఒకేలా ఉంటుంది. పనికిరాదని పక్కన పడేసిన నాలుగంగుళాల పైపులోంచి అరచెయ్యంత వంపు ముక్క కోసి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో కీలులా లోపల వేలాడదీశాను. రోల్ తగ్గేకొద్దీ అది కిందికి దిగుతుంది. బరువు చాలకపోతే ఒక నట్టు అంటించాను, అంతే.

కాగితం తెంపే పళ్ళకోసం చీలిక అంచున విరిగిన హ్యాక్సా బ్లేడు బిగించడం నా తెలివితక్కువ పని, అన్నయ్య బొటనవేలు తెగింది, వాడు దాని గురించి ఇప్పటికీ అంటున్నాడు. బ్లేడు పీకేసి, మూడుమూలల ఆకురాయితో పైపు అంచుకే గాట్లు పెట్టాను. కాగితానికి అది చాలు. చీలిక మధ్యలో రెండువేళ్ళు పట్టేంత వెడల్పు చేశాను, లేకపోతే కొస లోపలికి పోయినప్పుడు అతిథి పాపం చీకట్లో వెతుక్కోవాలి.

ఫాసెట్ కొక్కెం కంటే పైకి, నేలనుంచి మూడడుగుల ఎత్తులో బిగించాను. ఒక టైల్ పగిలింది. డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో ఉందని చూసుకోలేదు. టైల్ మీద టేపు అంటించి, గట్టి పొర దాటేదాకా మామూలుగా తిప్పి, ఆ తర్వాతే హ్యామర్ పెట్టాలి. రెండో టైల్‌కి అలాగే చేశాను, పగల్లేదు.

తీరా పదిరోజులు బాగా నడిచాక, మూసిన పైపు కదా, లోపల ముక్కిన వాసన వచ్చింది. అడుగున బొక్కలు పెట్టాను, తడి ఆరిపోవడానికి. బొక్కలు కొంచెం పెద్దవైనట్టున్నాయి, బల్లి కాపురం పెట్టింది. చిత్తూరు నుంచి వచ్చిన అత్త కాగితం లాగితే అది చేతిమీద పడింది. "కుడిచెయ్యా, ఎడమచెయ్యా?" అని అమ్మ పంచాంగం తీసింది, అత్త కంచికి పోయి బంగారు బల్లిని తాకొస్తానని బయల్దేరింది, డిజైనర్‌ని నేను కాబట్టి కారు నేనే తీయాల్సొచ్చింది. ఇప్పుడా బొక్కలకు దోమతెర ముక్క అంటించి ఉంది.

రెండు రోల్స్ పట్టేలా చెయ్యమని మేనల్లుడు సలహా ఇచ్చాడు. వాడు కంప్యూటర్ సైన్స్. కంప్యూటర్ సైన్స్‌లో మహా పండితుడు డోనాల్డ్ కనూత్ అంతటివాడు 1984లో ఇదే విషయం మీద లెక్కల పేపర్ రాశాడట, రెండు రోల్స్ పక్కపక్కన ఉంటే జనం పెద్దదాంట్లోంచి తీస్తే ఏమవుతుంది, చిన్నదాంట్లోంచి తీస్తే ఏమవుతుంది అని. ఎప్పుడూ పెద్దదే లాగేవాళ్ళైతే రెండూ దాదాపు ఒకేసారి అయిపోతాయట. లెక్క బాగుందిగానీ మా ఇంట్లో రెండు రోల్స్ అయ్యేలోపు రెండు బ్రహ్మోత్సవాలు అయిపోతాయి. ఒకటి చాలు, ఇంకోటి జిప్ కవర్లో పెట్టి అద్దం వెనక దాచాను.

కాగితమెందుకన్న అమ్మ ఇప్పుడు స్నానానికి పోయినప్పుడల్లా ఆ పైపు మీద తన సబ్బుపెట్టె పెట్టుకుంటోంది. గుండ్రటిది కదా, నిలవట్లేదు. పైన చదునుగా ఒక పలక అంటించమని వారంగా నా వెంటపడుతోంది.