కరెంటు పోతే నీళ్లెక్కడికి పోతాయి? ఉప్పునీటి చేపల ట్యాంకు కింద నేను కట్టుకున్న సంపు

మాది తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె ఇల్లు, మేడమీద. కింద ఓనరు గారి కుటుంబం ఉంటుంది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను వేసిన ప్రతి లెక్క వెనకా వాళ్ల హాలు సీలింగే ఉంది.

మా ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 255 లీటర్లు పడుతుంది, రాళ్లు, ఇసుక పోను 200 చిల్లర మిగులుతుంది. రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్, ఒక గోబీ ఉన్నాయి. పగడాలు లేవు. సముద్రంలో దిబ్బలు (రీఫ్) కట్టే పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చాటుమాటుగా దొరుకుతాయంటారు కానీ నేను అటు పోలేదు.

సంపు అంటే ఇక్కడ నేలలో కట్టేది కాదు, పై ట్యాంకు నీళ్లు దిగి, శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకెళ్లే గాజు తొట్టి. దాని అవసరం రెండు కారణాల వల్ల పడింది. ఒకటి నైట్రేటు, చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో పేరుకునేది. నీళ్లు ఎంత మార్చినా 50 పీపీఎం (పది లక్షల పాళ్లకు 50) దగ్గరే తిష్ఠ వేసింది, రాళ్ల మీద జుట్టులా పచ్చటి పాచి. రెండోది మన ఎండ. ఏప్రిల్ దాటితే ట్యాంకులో నీళ్లు 31 డిగ్రీలకు పోతాయి, వాటికి 26 చుట్టూ ఉండాలి. కింద ఇంకో తొట్టి ఉంటే నీళ్ల మొత్తం పెరుగుతుంది, బుడగల నురగతో మురికి లాగే స్కిమ్మర్ కంటికి కనపడకుండా అందులో కూర్చుంటుంది, ఒక గదిలో నాచు పెంచుకోవచ్చు. ఆ నాచు గదినే రెఫ్యూజియం అంటారు.

స్టాండు కింద పట్టేది చూసుకుని 36 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 16 ఎత్తు అనుకున్నాను. మొదటి గది 12 అంగుళాలు. పై నుంచి వచ్చే పైపు, మురికిని వడకట్టే సంచి (ఫిల్టర్ సాక్), స్కిమ్మర్ అక్కడే. మధ్యలో నాచుకు 14. చివర పంపుకు 8. మిగిలిన రెండంగుళాలు అడ్డగాజులకు, వాటి సందులకు. నాచు గదికీ పంపు గదికీ మధ్య మూడు అడ్డగాజులు, నీళ్లు మొదటిదాని పైనుంచి, రెండోదాని కిందనుంచి, మూడోదాని పైనుంచి వెళ్లాలి. అలా దిగి ఎక్కేటప్పుడు గాలి బుడగలు పైకి తేలిపోతాయి, పంపులోకి రావు.

ఇక అసలు లెక్క. కరెంటు పోగానే పంపు ఆగుతుంది. పై ట్యాంకులో ఓవర్‌ఫ్లో అంచుకు, అంటే నీళ్లు పొంగి సంపులోకి దిగే అంచుకు, పైన ఉన్న నీళ్లన్నీ కిందికి దిగుతాయి. పంపు నుంచి నీళ్లు పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటే, అది కూడా సైఫన్‌లా వెనక్కి లాగుతుంది, మూతి బయటపడే దాకా ఆగదు. నా పై ట్యాంకు అడుగు వైశాల్యం 864 చదరపు అంగుళాలు, సంపుది 432. అంటే పైన ఒక అంగుళం దిగితే కింద రెండంగుళాలు లేస్తుంది. పైన అంగుళంన్నర దిగుతుందనుకుంటే 21 లీటర్లు, పైపుల్లో, ఓవర్‌ఫ్లో బాక్సులో ఉన్నది ఇంకో మూడు నాలుగు లీటర్లు. కింద మూడున్నర అంగుళాల పైనే లేవాలి. మామూలుగా 8 అంగుళాల మట్టంలో నడిపితే 12 దాకా వస్తుంది, 16 ఎత్తున్న తొట్టిలో భయం లేదు. అందుకే సంపు ఖాళీగా ఉంది కదా అని ఇంకాస్త నీళ్లు పోయాలనిపించినా పోయకూడదు. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను.

నీళ్లను వెనక్కి రానివ్వని ఎన్‌ఆర్‌వీ వాల్వు పెడితే ఈ గొడవే ఉండదు కదా అని ప్లంబింగ్ సామాన్ల షాపులో అడిగారు. మంచినీళ్లకైతే సరే. ఉప్పు పేరుకున్నా, ఇసుక రేణువు ఇరుక్కున్నా ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు. దాన్ని నమ్ముకునే బదులు రిటర్న్ పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేశాను. మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. అందులో పాచి పట్టకుండా అప్పుడప్పుడూ గుండుసూదితో గుచ్చాలి.

రెండో లెక్క చాలామంది వేయరు. పైనుంచి దిగే పైపు మూసుకుపోయి పంపు మాత్రం తోస్తూనే ఉంటే? పంపు గదిలో తోడగలిగేది ఆరంగుళాల నీళ్లు, అంటే తొమ్మిదిన్నర లీటర్లు. అది పైన ముప్పావు అంగుళం కూడా లేవదు. పైన అంగుళంన్నర ఖాళీ ఉంది. పంపు గది చిన్నగా ఉండాల్సింది ఇందుకే. ఓనరు గారి సీలింగుకు ఇక ఢోకా లేదని తేలాకే గాజు కొనడానికి బయల్దేరాను.

రేణిగుంట రోడ్డులో అద్దాల షాపతను కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏంది సార్ ఇది, తొట్టి లోపల ఇన్ని గోడలు?" అన్నాడు. సంగతి చెప్పాక తనే ఉత్సాహపడి కొలతలు సరిచూశాడు. అడ్డగాజులు లోపలి వెడల్పు కంటే పావంగుళం తక్కువ ఉండాలి. ఒక్కో పక్క ఒక నూలు సందు ఉంటేనే సిలికోన్ నిండుతుంది. బిగుతుగా కోయిస్తే పక్క గాజులను తోస్తాయి. పై ట్యాంకు వెనక గాజుకు, నీళ్లు దిగే పైపు కోసం, రంధ్రం కూడా అతనే వేశాడు. తలుపుల అద్దాలకు వేసే డైమండ్ బిట్టే, నీళ్లు పోస్తూ మెల్లగా. టెంపర్డ్ గాజైతే డ్రిల్లు తగలగానే పొడైపోతుంది కాబట్టి అది ముందే తేల్చుకోవాలి. ఆ పూటకు చేపలు పాత నీళ్లతో, ఎయిర్ స్టోనుతో నీలం డ్రమ్ములో ఉన్నాయి.

సిలికోన్ వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకున్నాను. బాత్రూముల కోసం ఫంగస్ మందు కలిపిన రకం చేపలకు విషం. అతికించాక వారం పాటు ముట్టుకోలేదు. రంధ్రానికి ట్యాంక్ నిపుల్, ఒకటింపావు పీవీసీ పైపు, పంపు దగ్గర విప్పుకునే జాయింట్ (యూనియన్). ఇత్తడి, రాగి ముక్క ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నాను. రొయ్యలూ నత్తలూ పెంచాలంటే రాగి అస్సలు పనికిరాదు. సంపు స్విచ్చులన్నిటికీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాను. ఉప్పునీళ్ల పక్కన కరెంటుతో మొహమాటాలు వద్దు.

ముందు మామూలు నీళ్లతో నడిపి మెయిన్ ఆఫ్ చేశాను. సంపులో మట్టం నేను లెక్కేసిన 12 అంగుళాలకు అర అంగుళం కిందే ఆగింది. ఆ తర్వాత వచ్చిన ఇబ్బంది చప్పుడు. దిగే పైపు గుడగుడమంటూ ఇంట్లో ఎవర్నీ పడుకోనివ్వలేదు. పైన టీ ఆకారపు పైపు ముక్క పెట్టి, దాని మూతకు చిన్న రంధ్రం చేస్తే గాలి సాఫీగా పోయి అణిగింది. దీన్నే డర్సో పైపు అంటారు.

ఉప్పు కలిపే నీళ్ల గురించి ఒక్క మాట. ఇంట్లో ఆర్‌ఓ మిషన్లకు చివర రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జో, లవణాల మోతాదు పెంచే టీడీఎస్ కంట్రోలరో ఉంటుంది. దానికి ముందే నీళ్లు పట్టుకోవాలి. వాకాడు దగ్గర తూపిలిపాళెం నుంచి సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అన్నవాళ్లున్నారు. నూరు కిలోమీటర్ల పైన క్యాన్లు మోసుకురావాలి, వానలు పడితే ఒడ్డు దగ్గర ఉప్పు శాతం తగ్గుతుంది. అక్వేరియాల కోసం ప్యాకెట్లలో అమ్మే సముద్రపు ఉప్పే నయం.

నాచు కోసం చెన్నై కొళత్తూరు వెళ్లి, కీటోమార్ఫా ఒక గుప్పెడు కవర్లో వేసుకుని సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చాను. పీచు మిఠాయిలా చిక్కుపడి ఉంటుంది, వేళ్లు ఉండవు. కాలెర్పా అనే ఇంకో నాచు కూడా దొరుకుతుంది కానీ అది ఒక్కోసారి ఉన్నట్టుండి విడిపోయి, పీల్చుకున్నదంతా నీళ్లలోకి వదిలేస్తుంది. కీటో మీద 6500 కెల్విన్ ఎల్‌ఈడీ రాత్రిళ్లే వెలుగుతుంది. పై ట్యాంకు లైటు ఆరాక కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, కింద నాచు అదే సమయంలో దాన్ని వాడుకుంటే ఆ ఊపు తగ్గుతుంది. నాచు పెరిగినంత మాత్రాన లాభం లేదు, పీకి బయట పారేస్తేనే నైట్రేటు, ఫాస్ఫేటు ట్యాంకులోంచి పోయినట్టు.

ఇప్పుడు నైట్రేటు 10 దగ్గర ఉంది. ఆ పేరంతా కీటోకే కట్టబెట్టలేను. 22 లీటర్ల గదిలో నాచు ఎంతని లాగుతుంది? స్కిమ్మర్ పెట్టాను, మేత కూడా తగ్గించాను. ఎవరైనా అడిగితే సంపు తప్పక కట్టుకోమంటాను, రెఫ్యూజియం మాత్రం చోటుంటేనే.

ఎండ విషయంలో మటుకు సంపే కాపాడింది. నీళ్ల మీదికి రెండు కంప్యూటర్ ఫ్యాన్లు తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. "చేపలకు ఫ్యాను, మాకు ఉక్క" అని అమ్మ సణుగుడు. దానికి బదులు మే నెలలో రోజుకు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి. మట్టం పంపు గదిలోనే తగ్గుతుంది, రోజుకు రెండున్నర అంగుళాలు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉత్త ఆర్‌ఓ నీళ్లే కలపాలి. ఊరెళ్తే ఎలా అన్నది ఇంకా తేలలేదు. ఫ్లోట్ వాల్వు పెట్టొచ్చు, అది ఇరుక్కుంటే క్యాను మొత్తం ఖాళీ అవుతుంది. అందుకని 20 లీటర్ల క్యాను కాకుండా 10 లీటర్లదే పెడదామనుకుంటున్నా. అంతా ఒక్కసారే పడినా వెయ్యి పాళ్లకు 35 ఉన్న ఉప్పు 34కి కాస్త దిగువకు వస్తుంది, క్లౌన్లు తట్టుకుంటాయి. మే నెలలో అది రెండు రోజులకే సరి, కాబట్టి పెళ్లిళ్లకు పోయినా మూడో రోజుకు ఇంట్లో ఉండాలి.