ముందు ఏమి చేసేవారో చూడు

వేసవి సెలవులకు గుంటూరు వచ్చిన మూడో రోజు. బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని నాన్నగారికి పత్రిక చదివి వినిపిస్తుంటే, ఎదురింటి అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇంజనీరింగ్ పూర్తయి రెండేళ్లయింది. ఈ డిసెంబరులో అమెరికా విశ్వవిద్యాలయాలకు పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవాలని పట్టుదలగా ఉంది.

"అత్తయ్యా, ఈ పన్నెండింటిలో ఏవి మంచివో మీరే చెప్పాలి" అంటూ ఒక పట్టిక తెరిచింది. విశ్వవిద్యాలయం పేరు, ర్యాంకు, ఫీజు, ఊళ్లో చలి ఎంత, తెలుగువాళ్లు ఉన్నారా లేదా, అన్నీ శ్రద్ధగా రాసుకుంది. అందులో ఒక్క మనిషి పేరు లేదు.

"ఎవరి దగ్గర చదువుతావమ్మా?"

"అది వెళ్లాక చూసుకోవచ్చు కదా అత్తయ్యా!"

నాకు గుండె కలుక్కుమంది. 2002 ఆగస్టులో నేనూ ఇదే మాట అనుకుని విమానం ఎక్కాను. పీహెచ్‌డీ అంటే ఐదారేళ్ల జీవితాన్ని, పరిశోధన చేయించే ఒక మనిషి చేతిలో పెట్టడం. పెళ్లి సంబంధానికి ఇంటిపేరు, గోత్రం, మేనమామల ఊరు దాకా ఆరా తీసే మనం, ఈ మనిషి గురించి మాత్రం ఏమీ అడగకుండా వెళ్లిపోతాం.

నేను పనిచేసేది అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో. వ్యవసాయం, యంత్రవిద్యలు నేర్పే కళాశాలల కోసం 1862లో అక్కడి ప్రభుత్వం రాష్ట్రాలకు భూములిస్తూ చట్టం చేసింది. అలా పుట్టిన వాటిలో మాదీ ఒకటి. నేను నేర్పేది టెక్నికల్ రైటింగ్. ఇంజనీరు రాసే నివేదిక, మందు డబ్బా మీది సూచన, యంత్రం పక్కన అతికించే హెచ్చరిక చదివేవారికి ఎలా చేరుతాయి, ఎక్కడ చేరకుండా పోతాయి అన్నది మా శాస్త్రం. అక్కడ ఇంజనీరింగ్ కోర్సుకు గుర్తింపు దక్కాలంటే విద్యార్థులు తమ విషయాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. అది నియమం.

మా అంతస్తులో నా కుడి పక్క గది ఆవిడ పదకొండేళ్లు ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగేవారు పగటివారికి అప్పగించే కాగితంలో ఏమి రాస్తారు, ఏమి నోటితో చెప్పి వదిలేస్తారు, ఆ వదిలేసిన దానివల్ల రోగికి ఏమవుతుంది, ఇదే ఆవిడ పరిశోధన. ఎదురు గది ఆయన పట్టా కవిత్వంలో. కానీ చిన్నతనంలో వాళ్ల ఊరిని సుడిగాలి ఊడ్చిపెట్టింది, అందుకని తుఫాను హెచ్చరికల భాషను పరిశీలిస్తారు. మూల గది ఆయన లెక్కల మనిషి. వేల విద్యార్థి వ్యాసాలను కంప్యూటర్‌తో చదివించి, ఏ తరగతి పిల్లలు ఏ పదాల దగ్గర తడబడతారో లెక్కగడతారు. మొదటి ఏడాది వీళ్లను చూసి ఆశ్చర్యపోయాను. మన దగ్గర ఫిజిక్సు మాస్టారు ఫిజిక్సులోనే పుట్టినట్టు ఉంటారు. అక్కడ ప్రతి తలుపు వెనకా ఇంకో జీవితం ఉంది, ఆ జీవితంలోంచే పరిశోధన పుట్టింది.

నేను మాత్రం నా జీవితాన్ని దాచుకున్నాను. కారణం ఒక ఇంటర్వ్యూ. పేరు చెప్పను గానీ, ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి పిలిచారు. బల్లకు అవతల ఐదుగురు. అందులో ఒకాయన ఎంతో మర్యాదగా, "మాతృభాష ఇంగ్లీషు కాని మీరు మా పిల్లలకు ఇంగ్లీషు రాయడం ఎలా నేర్పుతారు?" అని అడిగారు. గొంతు తడారిపోయింది. పరాయి భాషను అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవారికే వాక్యం ఎక్కడ విరుగుతుందో బాగా తెలుస్తుందని ఈ రోజు నిబ్బరంగా చెప్పగలను. ఆ రోజు చెప్పలేకపోయాను. ఉద్యోగం రాలేదు. ఆ తరువాత రెండేళ్లు నా పరిచయపత్రంలో గుంటూరు ఊసు రాకుండా జాగ్రత్తపడ్డాను. అందరూ రాసే విషయం మీదే నేనూ రాశాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇప్పటి చోట చేరాక, ఒక మధ్యాహ్నం ఆ నర్సు ప్రొఫెసర్ నన్ను అడిగారు: "నీకు చిన్నప్పటి నుంచి ఏ కాగితం మీద కోపం?"

ఆలోచించే పని లేకపోయింది. ప్రత్తిపాడు దగ్గర మా మేనమామకు పత్తి, మిరప వేసే నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. నాకు పన్నెండేళ్లప్పుడు పురుగుమందు డబ్బాతో వచ్చిన కాగితాన్ని ఆయన నా చేతికిచ్చి, "చదవవే అమ్మడూ" అన్నాడు. మడతలు విప్పితే ఒడి నిండింది. చీమ తలకాయంత అక్షరాలు. హిందీ, ఇంగ్లీషు దాటుకుని తెలుగు దగ్గరకు వస్తే గ్రాంథికం, పొడుగాటి సమాసాలు. మామయ్య బకెట్లో నీళ్లు పోసి మందు కలుపుతూ తొందరపెట్టాడు. అర్థం కాని వాక్యాన్ని దాటేసి, ఎన్ని లీటర్లకు ఎంత అన్నది మాత్రం చదివాను. ఆయన ఉత్త చేతులతోనే కలిపాడు. సాయంత్రానికి వాంతులు, కళ్లు తిరగడం, రెండు రోజులు ఆసుపత్రి. బతికి బయటపడ్డాడు. నేను దాటేసిన వాక్యం చేతి తొడుగుల గురించి.

డబ్బా మీద వాలుగా నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలో రంగు. ఎరుపు అంటే అత్యంత విషపూరితం, తరువాత పసుపు, తరువాత నీలం, చివరకు ఆకుపచ్చ. చదువురాని రైతుకు కూడా తెలియాలని పెట్టిన గుర్తు అది. కానీ పసుపు రంగు మన ఇళ్లలో దేనికి? గడపకు రాస్తాం, శుభలేఖ మూలలకు అద్దుతాం. మా మామయ్య జీవితంలో పసుపు ఏనాడూ ప్రమాదం కాలేదు. ఎరుపు తరువాత అంతటిది పసుపేనని ఆయనకు చెప్పినవారు లేరు. ఈ మాట చెబుతుంటే ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, "దీని మీద ఎందుకు రాయడం లేదు?" అన్నారు. అప్పటి నుంచి నేను రాస్తున్నది అదే. అక్కడ చేరిన ఆరో ఏట నా ఉద్యోగం శాశ్వతమైంది కూడా ఆ పని మీదే.

నేను అమెరికా వెళ్లిన మొదటి శీతాకాలంలోనే, 2003 ఫిబ్రవరి 1న, కొలంబియా వ్యోమనౌక తిరిగొస్తూ ముక్కలైంది. కల్పనా చావ్లా సహా ఏడుగురు పోయారు. ప్రయోగం నాడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే, ఆ దెబ్బ ఎంతటిదో చెప్పడానికి ఇంజనీర్లు అధికారులకు కొన్ని తెరపటాలు (స్లైడ్లు) చూపించారు. వాటిలో ఒకదాన్ని ప్రతి ఏడూ మొదటి తరగతిలో నా పిల్లల ముందు పెడతాను. పైన పెద్ద అక్షరాల శీర్షిక ధైర్యం చెబుతున్నట్టు ఉంటుంది. దాని కింద మెట్లు మెట్లుగా చిన్నవవుతూ పోయే అక్షరాలు. అసలు సంగతి అట్టడుగున: పరీక్షలో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, నౌకకు తగిలిందని అంచనా వేసినది 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. ఒక పెద్ద అధికారి దీన్ని చదివి కూడా ప్రాణాపాయమని గుర్తించకపోవడం తేలికేనని దర్యాప్తు సంఘం తన నివేదికలో రాసింది. అబద్ధం రాసినవారు లేరు. రాయాల్సింది రాశారు, పైన ఉండాల్సింది కింద పెట్టారు. ఆ పటం చూసినప్పుడల్లా నాకు మామయ్య బకెట్ గుర్తుకొస్తుంది.

ఇదంతా విని ఆ అమ్మాయి పట్టికలో కొత్త గడి చేర్చింది. ఇద్దరం కలిసి ప్రొఫెసర్ల పరిచయాలు ఒక్కొక్కటే తెరిచాం. 'ఎమెరిటస్' అని ఉంటే పదవీ విరమణ చేసినవారు, సాధారణంగా కొత్త విద్యార్థులను తీసుకోరు. 'అసిస్టెంట్ ప్రొఫెసర్' అయితే ఉద్యోగం ఇంకా శాశ్వతం కాలేదు. ఉత్సాహంగా పనిచేయిస్తారు, వేరే చోటికి వెళ్లిపోయే అవకాశమూ ఉంటుంది. పరిశోధనాసక్తులు అని రాసుకున్న వరుసను నమ్మి కూర్చోవద్దన్నాను. గత మూడు నాలుగేళ్లలో ఏమి ప్రచురించారు, వాళ్ల దగ్గర చదివినవారు ఇప్పుడు ఎక్కడున్నారు, అవి చూడాలి. అన్నిటికంటే ముందు ఆ మనిషి ఇక్కడికి రాకముందు ఏమి చేసేవారో చూడాలి.

"కంప్యూటర్ డిపార్ట్‌మెంట్లో అందరూ కంప్యూటర్ వాళ్లే ఉంటారు కదా అత్తయ్యా?"

"మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డిగారు మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. మాటను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే పనిలో పేరు తెచ్చుకుని, 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే హెర్బర్ట్ సైమన్ ఉండేవారు. చదివింది రాజనీతి శాస్త్రం, వచ్చింది అర్థశాస్త్రంలో నోబెల్. రాసేటప్పుడు మనిషి మెదడులో ఏమి జరుగుతుందో తెలుసుకోవాలని ఇంగ్లీషు వైపు నుంచి లిండా ఫ్లవర్, మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి జాన్ హేస్ కలిసి పనిచేసిందీ అక్కడే. రాసేవాళ్లను, రాస్తూ మనసులో మాట పైకి చెప్పమన్నారు."

అంతవరకు కళ్లు మూసుకుని విన్న నాన్నగారు కుర్చీలో ముందుకు జరిగారు. "మా ఏసీ కాలేజీలో కరుణశ్రీగారు తెలుగు చెప్పేవారమ్మా. మేము ఫిజిక్సు వాళ్లం. అయినా వెళ్లి వెనక బల్లల్లో కూర్చునేవాళ్లం" అన్నారు.

"మరి నీకు ఏ కాగితం మీద కోపం?" అని ఆ అమ్మాయిని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. దరఖాస్తుకు తను రాసుకున్న వ్యాసం మొదటి వాక్యం, చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ఆసక్తి అని. దాన్ని చెరిపేసింది.

గేటు చప్పుడైంది. వాళ్ల నాన్న స్కూటర్ దిగి, కూతురి కోసం మా వరండాలోకే వచ్చారు. మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారి దగ్గర గుమాస్తా ఆయన. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే ముందు రోజులు కావడంతో చొక్కా నిండా ఎర్రటి దుమ్ము, దగ్గరికి రాగానే ముక్కు పుటాలకు ఘాటు.

"నాన్నా, జేబులో తక్‌పట్టీ ఉందా?"

ఆయన ఆశ్చర్యంగా చూసి, రైతుకిచ్చే ఆ లెక్కచీటీ కార్బన్ ప్రతి ఒకటి తీసిచ్చారు. రైతు తెచ్చిన మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎన్ని, కాటాలో తూకమెంత, తేజ రకమా తాలా, ధర ఎంత, ఖర్చులు పోను చేతికొచ్చేది ఎంత, అన్నీ నీలం సిరాలో గొలుసుకట్టుగా ఉన్నాయి. ఆ అమ్మాయి దాన్ని లైటు కింద పరిచి ల్యాప్‌టాప్ పక్కకు జరిపింది.

"రైతులు దీన్ని చదువుతారా నాన్నా? ఈ గీత కింద రాసింది ఏమిటి?"

ఆయన చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చున్నారు. నాన్నగారు కళ్లద్దాల కోసం చేయి చాచారు.