బోర్డు మీద అక్షరాలు, రిజిస్టర్లో పేరు

మంగళవారం. బెజవాడ సూర్యారావుపేటలో సాయంత్రం ఓపీలు మొదలయ్యే వేళకి మా మందుల షాపు కౌంటరు దగ్గర రోజూ వినపడే ప్రశ్నే ఇవాళా వినపడింది: "అన్నయ్యా, ఇక్కడ మంచి పిల్లల డాక్టరు ఎవరండీ?" అడిగేవాళ్ళ భుజాన సాధారణంగా జ్వరంతో కాగిపోతున్న బిడ్డ ఉంటుంది. అలాంటప్పుడు ఎవరు మాత్రం ఆరా తీయగలరు? ఎదురుగా ఏ బోర్డుంటే ఆ మెట్లెక్కేస్తారు. అందుకే ఈ పని బిడ్డ ఒంట్లో బాగున్న రోజే చేసి పెట్టుకోవాలి. కడుపుతో ఉండగానే, ఎనిమిదో నెలలో చూసుకుంటే ఇంకా నిశ్చింత.

బెజవాడలో ఆసుపత్రులు సూర్యారావుపేట, గవర్నరుపేట, ఏలూరు రోడ్డు చుట్టూ గుంపుగా ఉంటాయి. గుంటూరులో కొత్తపేటది అదే వరస. పక్కపక్కనే ఇన్ని బోర్డులు ఉండటం వల్ల ఎంచుకోవడం తేలికవుతుందనుకుంటాం కానీ, అన్నీ ఒకేలా కనపడి ఇంకా కష్టమవుతుంది. ముందు ఆ బోర్డు చదవడం రావాలి.

డాక్టరు పేరు పక్కన ఎంబీబీఎస్ తర్వాత ఎండీ (పీడియాట్రిక్స్) ఉంటే, అది మూడేళ్ళ పీజీ. డీఎన్‌బీ పీడియాట్రిక్స్ కూడా మూడేళ్ళదే, అది నేషనల్ బోర్డు పరీక్ష, తక్కువదేం కాదు. డీసీహెచ్ అంటే పిల్లల వైద్యంలో రెండేళ్ళ డిప్లొమా. ఊళ్ళో పేరున్న పెద్ద డాక్టర్లలో డీసీహెచ్ వాళ్ళు చాలామందే ఉన్నారు, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. డీఎం (నియోనేటాలజీ) ఉంటే ఆయన అప్పుడే పుట్టిన బిడ్డల, నెలలు నిండని పసికందుల వైద్యంలో ఇంకో మూడేళ్ళు చదివారు. మామూలు జలుబు, దగ్గుకి అంత అవసరం లేదు. 'ఫెలోషిప్' అన్న మాట ఒక్కటే కనపడితే మాత్రం దాని ముందు అసలు పీజీ ఉందా లేదా చూడండి.

ఒక మెలిక మాత్రం చాలామందికి తెలియదు. రష్యా, ఉక్రెయిన్ లాంటి దేశాల్లో ఇచ్చే మొదటి డిగ్రీ పేరే 'ఎండీ (ఫిజీషియన్)'. మన లెక్కలో అది ఎంబీబీఎస్‌తో సమానం. అక్కడ చదివొచ్చి ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష పాసైన వాళ్ళు పూర్తి అర్హతున్న డాక్టర్లే, అనుమానం లేదు. కాకపోతే పిల్లల స్పెషలిస్టులు కారు. బ్రాకెట్లో ఏం రాసుందో చూడకుండా ఎండీ అన్న రెండక్షరాలు చూసి వెళ్ళడం వల్లే ఈ గందరగోళం. అలాగే పీడియాట్రిక్ సర్జన్ వేరు. హెర్నియా, వృషణం కిందికి దిగకపోవడం లాంటివి ఆయన పని, జ్వరాలు కాదు.

బోర్డు చదివాక రిజిస్టరు చూడాలి. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనపడేలా పెట్టాలి. మందుల చీటీ మీద, సర్టిఫికెట్ల మీద, డబ్బు కట్టిన రసీదు మీద కూడా వెయ్యాలి. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి ఆ నెలలోనే ఆపేశారు, కాబట్టి పాతవే వర్తిస్తాయి. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన పక్కింటివాళ్ళ దగ్గర పాత చీటీ ఒకటి అడిగి తీసుకుంటే నంబరు దొరుకుతుంది.

నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ అని ఉంటుంది. పేరుతో వెతికితే చాంతాడంత జాబితా వస్తుంది, మన ఊళ్ళో వెంకటేశ్వరరావులకి కొదవేముంది! నంబరుతో వెతకండి, పక్కనే డాక్టర్లని నమోదు చేసే రాష్ట్ర కౌన్సిల్ పేరు కూడా ఎంచుకోండి. ప్రతి కౌన్సిల్‌కీ సొంత నంబర్ల వరస ఉంటుంది కాబట్టి అదే నంబరు మీద ఇంకో రాష్ట్రంలో ఇంకెవరో ఉంటారు. మన డాక్టరు పేరు తెరిచి చూస్తే తండ్రి పేరు, రిజిస్టరైన సంవత్సరం, చదివిన డిగ్రీ, విశ్వవిద్యాలయం కనపడతాయి. మనకి కావలసింది అదనపు అర్హత అన్న గడి. ఎండీ, డీసీహెచ్ లాంటివి నమోదు చేయించుకుంటే అక్కడ చేరతాయి.

పేరు దొరక్కపోతే వెంటనే దొంగ డాక్టరని తీర్మానించకండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. పెళ్ళికి ముందు రిజిస్టరైన డాక్టరమ్మకి పుట్టింటి పేరే ఉండొచ్చు. బెంగళూరులోనో మణిపాల్‌లోనో చదివినవారి మొదటి నమోదు కర్ణాటక కౌన్సిల్లో ఉండొచ్చు. అదనపు అర్హత గడి ఖాళీగా ఉండటానికీ తరచూ కారణం ఆన్‌లైన్ రిజిస్టర్లో వివరాలు ఎక్కకపోవడమే. అలాంటప్పుడు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌నే అడగాలి, దాని ఆఫీసు విజయవాడలోనే ఉంది. లేదంటే డాక్టరుగారినే మర్యాదగా అడగండి: "సార్, మీరు పీజీ ఎక్కడ చేశారండీ?" చదువుకున్న మనిషి ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. గుంటూరు మెడికల్ కాలేజీ అనో, సిద్ధార్థ అనో, ఫలానా సంవత్సరం అనో ఠక్కున చెప్తారు. జవాబు నసుగుతూ వస్తే మాత్రం జాగ్రత్తపడాలి.

ఆసుపత్రికి వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది. ప్రైవేటు ఆసుపత్రుల కోసం మన రాష్ట్రానికి 2002లో చట్టం వచ్చింది, నమోదు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో. ఆ సర్టిఫికెట్ మామూలుగా రిసెప్షన్ గోడకి ఫ్రేము కట్టి ఉంటుంది. గడువు తేదీ ఒకసారి చూడండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సభ్యత్వం పక్కన కనపడితే మంచిదే, కానీ అది సంఘం సభ్యత్వం, డిగ్రీ కాదు. ఫోన్లో కనపడే నక్షత్రాల గుర్తులకి నేనసలు విలువివ్వను. అవి పార్కింగుకీ, ఏసీకీ, రిసెప్షన్ అమ్మాయి మాటతీరుకీ కలిపి పడే మార్కులు.

ఇంతా చేస్తే తేలేది ఆయన చదువు మాత్రమే. పనితనం తెలిసేది మొదటిసారి చూపించినప్పుడే. దానికి టీకా వేయించే రోజు మంచి అదను.

అన్నిటికంటే ముందు చూడాల్సింది తూకం. బిడ్డ బరువు చూడకుండా మందు రాస్తే ఆ చీటీని నేను నమ్మను. పిల్లల మోతాదు వయసుని బట్టి కాదు, కిలోలని బట్టి. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున అంటే పది కిలోల బిడ్డకి ఒక మోతాదు 150. ఇదే మందు డ్రాప్స్‌లో మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు, ఒక రకం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120, ఇంకో రకంలో 5 మిల్లీలీటర్లకి 250 ఉంటుంది. కాబట్టి ఆ బిడ్డకి డ్రాప్స్ అయితే ఒకటిన్నర, 120 సిరప్ అయితే సుమారు ఆరు, 250 అయితే మూడు మిల్లీలీటర్లు. సిరప్ కొలతతో డ్రాప్స్ ఆరు పోశారా, నాలుగింతల మందు లోపలికి పోతుంది, కాలేయానికి ముప్పు. అందుకని మంచి చీటీలో బరువు, మందు పేరు, దాని బలం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు అన్నీ విడివిడిగా ఉంటాయి. 'ఒక మూత' అని ఉంటే వెనక్కి వెళ్ళి అడగాలి. అలాంటి చీటీ పట్టుకొచ్చినవాళ్ళని షాపులోంచి మేమే మళ్ళీ డాక్టరు దగ్గరికి పంపుతాం.

ఏడాదిలోపు పిల్లలకి తల చుట్టుకొలత కూడా తీసి, గ్రోత్ చార్టులో చుక్క పెట్టే డాక్టరైతే వదులుకోకండి. నాలుగేళ్ళలోపు పిల్లలకి క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు సిరప్ వాడొద్దని 2023లోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఆరు నెలల బిడ్డకి అదే రాస్తే ఎందుకని అడగండి.

టీకాలు అక్కడే వేయిస్తే ఫ్రిజ్ సంగతి అడగండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన కరెంటు కోతలకి ఇన్వర్టరు లేని క్లినిక్ నమ్మకం కాదు. ఐస్ గడ్డకి ఆనించి పెట్టినా ప్రమాదమే, ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్ లాంటివి గడ్డకడితే పనికిరావు. వేసిన టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ కార్డు మీద రాయించుకోండి.

చివరగా రాత్రి సంగతి. మూడు నెలలలోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. "రాత్రి పన్నెండింటికి ఫోను చేస్తే ఎవరెత్తుతారండీ, అవసరమైతే ఏ ఆసుపత్రికి పంపుతారు?" అని ముందే అడిగి, ఆ పేరు, దారి ఫోన్లో పెట్టుకోండి. డబ్బుకి ఇబ్బందైతే బెజవాడ, గుంటూరు సర్కారు పెద్దాసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి, అక్కడ మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లే చూస్తారు. ఊరు మారినా, డాక్టరుని మార్చాలనుకున్నా బిడ్డ రికార్డులు కావాలని రాసివ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది.