మిడి ఫైలులో ఆనందభైరవి: నా అనుభవం

శ్రీరామనవమికి మా కావలి భజన బృందం పాడవలసిన ఒక సంప్రదాయ కీర్తనకు వాద్య సహకారాన్ని ట్రాకుగా తయారుచేసే బాధ్యత నాకు అప్పగించారు. ఒకప్పుడు నెల్లూరు ఆర్కెస్ట్రాలలో కీబోర్డు వాయించిన పెద్దాయన ఒకరు అదే కీర్తనను తన కీబోర్డులో రికార్డు చేసి దాచుకున్న మిడి ఫైలును వాట్సాప్‌లో పంపారు. రాగం ఆనందభైరవి, తాళం ఆది, శ్రుతి, అంటే పాటకు ఆధారమైన షడ్జమం స్థాయి, ఒకటి. పాడేది ఆడపిల్లలు కాబట్టి మాకు అయిదు శ్రుతి కావాలి. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే వీలు బృందానికి లేదు కనుక, బ్రౌజర్‌లోనే నడిచే ఉచిత సంగీత సాఫ్ట్‌వేర్ ఒకదానిలో ఈ పని చేశాను.

ఇలాంటి పనికి పూనుకునేవారు ముందుగా ఒక విషయం గ్రహించాలి. మిడి ఫైలులో ధ్వని ఉండదు. ఏ మెట్టును ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఏ టోన్ (ఏ వాద్యపు ధ్వని) ఎంచుకున్నారు అనే ఆదేశాలు మాత్రమే ఉంటాయి. సీడీ నాణ్యతతో రికార్డు చేసిన ఆడియో నిమిషానికి సుమారు 10 ఎంబీ ఆక్రమిస్తే, ఈ కీర్తన మొత్తం కొన్ని పదుల కేబీలలో ఇమిడిపోవడానికి కారణం అదే. 1983లో వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఏర్పడిన ఈ పద్ధతి ఇప్పటికీ నిలిచి ఉండటం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. అయితే ఆ ఆదేశాలను అందుకునే వాద్యం మారితే వినిపించేదీ మారుతుంది.

ఫైలును తెరపైకి లాగి వదలగానే దిగుమతి పూర్తయింది. కానీ వేణువు, తీగ వాద్యాలు, బేస్, డ్రమ్స్ అన్నీ ఒకే ట్రాకులో పియానోగా మోగాయి. పాత కీబోర్డులు చాలావరకు ఫార్మాట్ 0లో, అంటే వాద్యానికి ఒకటి చొప్పున వాడుకునే పదహారు చానెళ్లనూ ఒకే ట్రాకులో కలిపి, ఫైలును భద్రపరుస్తాయి. నేను వాడిన సాఫ్ట్‌వేర్ ఆ చానెళ్లను విడదీయదు. అందువల్ల కంప్యూటర్‌లో వేరే ఉచిత మిడి ఎడిటర్‌తో దానిని ఫార్మాట్ 1లోకి మార్చి, చానెల్‌కు ఒక ట్రాకు చొప్పున మళ్లీ దిగుమతి చేశాను. 1991లో వచ్చిన జనరల్ మిడి ఒప్పందం ప్రకారం పదో చానెల్ తాళవాద్యాలది కాబట్టి, ఆ ట్రాకుకు డ్రమ్ కిట్‌ను ఎంచుకున్నాను. అదే ఒప్పందంలోని 128 టోన్లలో సితార్, షెహనాయి ఉన్నాయి కానీ మన వీణ, నాదస్వరం లేవు. డ్రమ్ జాబితాలో మృదంగమూ లేదు.

శ్రుతి మార్చడం మిడిలో అన్నిటికంటే హాయిగా సాగే పని. స్వరాలన్నిటినీ ఎంచుకుని ఏడు సెమీటోన్లు (కీబోర్డుపై నల్లవి, తెల్లవి కలిపి పక్కపక్క మెట్ల మధ్య ఉండే దూరం ఒక సెమీటోన్) పైకి జరిపితే ఒకటి శ్రుతి అయిదు శ్రుతి అవుతుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. బేస్‌ను మాత్రం పైకి కాకుండా అయిదు సెమీటోన్లు కిందికి జరిపాను, లేకపోతే దాని గాంభీర్యం పోతుంది. డ్రమ్ ట్రాకును అసలు కదపకూడదు. అక్కడ ప్రతి మెట్టూ ఒక వేరే వాద్యం. 36వ నంబరులో ఉన్న బేస్ డ్రమ్‌ను రెండు మెట్లు జరిపితే అది స్నేర్ అయి కూర్చుంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది గమకం. వేణువు ట్రాకును వినిపించినప్పుడు మా బృందానికి పాఠం చెప్పే మాస్టారు ఒక్క ఆవర్తనం విని, "స్వరాలు సరిగ్గానే ఉండాయి గానీ, ఇది ఆనందభైరవి కాదబ్బయా" అన్నారు. ఆయన మాట నిజం. గాంధారం ఊగవలసినంత ఊగడం లేదు. ఫైలును విప్పి చూస్తే, పెద్దాయన పిచ్ బెండ్ చక్రంతో, అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ జార్చే కీబోర్డు చక్రంతో, పలికించిన గమకాలన్నీ అక్కడే ఉన్నాయి. పిచ్ బెండ్ 0 నుంచి 16383 వరకు నడిచే సంఖ్య, మధ్యస్థానం 8192. అయితే ఆ సంఖ్య చక్రాన్ని ఎంత తిప్పారో చెబుతుందే తప్ప, పూర్తిగా తిప్పితే ఎన్ని సెమీటోన్లు జరగాలో చెప్పదు. ఆ హద్దును వేరుగా నిర్ణయించాలి. ఫోన్ చేసి అడిగితే, తన కీబోర్డులో ఆ హద్దును నాలుగు సెమీటోన్లుగా పెట్టుకున్నానని పెద్దాయన చెప్పారు. ఆ సంగతి ఫైలులో నమోదు కాలేదు. ఆన్‌లైన్ వాద్యం మామూలుగా ఉండే రెండు సెమీటోన్ల హద్దునే అనుసరించింది. దాంతో ప్రతి గమకమూ సగానికి కుదించుకుపోయింది.

ఈ హద్దును ఫైలులోనే రాయవచ్చు. వేణువు చానెల్ ఆరంభంలో కంట్రోలర్ (వాద్యం అమరికలను మార్చే, నంబరు ఉన్న ఆదేశం) 101కి 0, కంట్రోలర్ 100కి 0, ఆ తరువాత కంట్రోలర్ 6కి 4 అని వరుసగా చేర్చాను. అయినా ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లోని వేణువు ఆ ఆదేశాన్ని పట్టించుకోలేదు. చివరకు బెండ్ హద్దును చేతితో మార్చుకునే వీలున్న సింథసైజర్ టోన్‌ను అదే సాఫ్ట్‌వేర్‌లో వెతికి, హద్దును నాలుగుకు పెట్టాను. ధ్వని వేణువుకు కొంచెం దూరమైనా రాగం తిరిగి వచ్చింది. వాద్యం పోలిక కంటే రాగం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను, మాస్టారు కూడా అదే అన్నారు.

స్వరాలను తెరపై కాలాన్ని సమానంగా విభజించే గడులకు సరిగ్గా అతికించే క్వాంటైజ్ సదుపాయాన్ని బేస్‌కూ డ్రమ్స్‌కూ మాత్రమే వాడాను. వేణువుకు వాడితే అనుస్వరాలు, అంటే ప్రధాన స్వరాన్ని అంటిపెట్టుకుని వచ్చే చిన్న స్వరాలు, తమ చోటు తప్పుతాయి. పైగా కీర్తనకు ముందున్న ఆలాపనకు తాళమే లేదు, దానిని ఏ గడికి అతికిస్తాం?

మృదంగం కోసం డ్రమ్ కిట్‌తో సరిపెట్టుకోకుండా, మా బృందంలో వాయించే అబ్బాయి చేత ఫోన్‌లో రికార్డు చేయించి ఆడియో ట్రాకుగా చేర్చాను. మొత్తాన్ని ఒక వేవ్ ఫైలుగా ఎగుమతి చేసి సాధనకు ఇచ్చాను. పెద్దాయనకు మాత్రం ట్రాకులు విడదీసి, బెండ్ హద్దు రాసి ఉన్న ఫార్మాట్ 1 మిడి ఫైలును ఆయన వాయించిన ఒకటి శ్రుతిలోనే తిరిగి పంపాను. ఆయన దగ్గర ఇలాంటి కీర్తనల ఫైళ్లు ఇంకా ఉన్నాయి, వాటికీ ఇదే పద్ధతిలో హద్దు రాసి పెట్టమని అడిగారు.